రెండు గంటల తోడు: విశాఖలో ఆటిజం ఉన్నవారి చుట్టూ ఊరు నిలబడాలంటే

ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతున్న ఇంటికి తోడు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న కొలత చాలు. ఆ తల్లి వారంలో ఒక్కసారైనా, నిమిషానికోసారి ఫోను చూసుకునే అవసరం లేకుండా, రెండు గంటలు బయటికి వెళ్ళి రాగలుగుతోందా? పంటి డాక్టరు దగ్గరికో, బ్యాంకుకో, తోబుట్టువు ఇంట్లో పేరంటానికో, అవేవీ లేకపోతే తలుపేసుకుని నిద్రపోవడానికో. విశాఖపట్నంలో థెరపీ సెంటర్లు పెరిగాయి. ప్రపంచ ఆటిజం అవగాహన దినం, ఏప్రిల్ 2, వచ్చిందంటే అవగాహన నడకలు, బ్యానర్లు కనిపిస్తాయి. ఆ రెండు గంటలు మాత్రం చాలా ఇళ్ళకు ఇంకా దొరకడం లేదు. ఆటిజం కుటుంబాల కోసం ఏ సంఘం కట్టినా, ఏ కూడిక పెట్టినా, ఈ రెండు గంటలు సంపాదించి పెడుతోందా అని అడిగి చూస్తే దాని విలువ తెలిసిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అంచనా ప్రకారం ప్రపంచంలో 127 మందికి ఒకరు ఆటిజంతో ఉన్నారు. 2011 జనగణన నాటికే విశాఖ నగర జనాభా 17 లక్షలు దాటింది. ఆ నిష్పత్తిని ఇక్కడికి తెచ్చి లెక్కేస్తే 13 వేలు దాటుతుంది. నగర పాలక సంస్థ జీవీఎంసీలోని 98 వార్డులకు పంచితే వార్డుకు 130 మందికి పైనే. ఇది ఇంటింటికీ తిరిగి తీసిన లెక్క కాదు, కాగితం మీద వేసినది. అయినా ఒక విషయం చెబుతుంది: ఆటిజం ఉన్న ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళగలిగే దూరంలోనే అలాంటి ఇల్లు మరొకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాళ్ళు ఒకరికొకరు తెలియకపోవడమే ఇబ్బంది. ఈ సంఖ్యలో పిల్లలతో పాటు ముప్ఫై, నలభై దాటినవాళ్ళూ ఉన్నారు. ఈ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో మొండి అనీ, మందమతి అనీ అనిపించుకుని పెరిగినవాళ్ళు.

ఊరంతటికీ ఒకే సంఘం ఎందుకు నిలవదు

విశాఖ పొడవాటి ఊరు. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, వాటి మధ్య సాగుతూ పోయింది. గాజువాక నుంచి మధురవాడ పాతిక కిలోమీటర్లకు తక్కువ లేదు, మధ్యలో ఎన్‌ఏడీ కూడలి రద్దీ. బడి, థెరపీ అయ్యాక అలసిపోయి ఇల్లు చేరిన బిడ్డను మళ్ళీ బస్సెక్కించి ఊరి ఆ చివరికి ఎవరూ తీసుకురారు. అందుకే పెద్ద హాల్లో ఘనంగా మొదలైన సంఘాలు మూడో నెలకే పలచబడతాయి.

నిలిచేది పేటకొక చిన్న జట్టు. గాజువాక, కూర్మన్నపాలెం కలిపి ఒకటి. గోపాలపట్నం, పెందుర్తి ఒకటి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు ఒకటి. మధురవాడ, పీఎం పాలెం ఒకటి. జట్టుకు 6 నుంచి 10 కుటుంబాలు. ఒకరి బిడ్డను ఇంకొకరు రెండు గంటలు చూసుకోవడమే జట్టు పని, అలా చూసుకునే ఇల్లే తోడు ఇల్లు. ఆరు కంటే తగ్గితే ఒకరికి జ్వరం, ఇంకొకరికి ఊరి ప్రయాణం వచ్చేసరికి పని ఆగిపోతుంది. పది దాటితే ఎవరి బిడ్డకు ఏది పడదో ఎవరికీ గుర్తుండదు. జట్లన్నీ కలిసే పెద్ద కూడిక మూడు నెలలకోసారి ఉంటే చాలు, అది అధికారులను కలవడానికి, పెద్ద పనులు అడగడానికి.

జట్టు కట్టేటప్పుడు ఈ ఊరి ఉద్యోగాలను మరిచిపోకూడదు. స్టీలు ప్లాంటులో ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు షిఫ్టులు మారతాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రికి పగలు నిద్ర కావాలి, అదే సమయంలో బిడ్డ ఇంట్లో గెంతుతూ ఉంటాడు. నావికాదళం కుటుంబాల్లో తండ్రి నెలల తరబడి సముద్రం మీద ఉంటాడు, రెండు మూడేళ్ళకు బదిలీ. అందుకని ఒక బిడ్డకు ఒక్క ఇంటినే అలవాటు చేస్తే, ఆ ఇల్లు బదిలీ అయిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది. ప్రతి బిడ్డకూ కనీసం రెండు ఇళ్ళు తెలిసుండాలి. హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్ళూ ఇక్కడ చాలానే ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉంటే మాట ఆలస్యమవుతుందని చెప్పి ఇంటి భాష మాన్పించే సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆ సలహా పాటించిన ఇంట్లో నాయనమ్మకూ మనవడికీ మధ్య ఉన్న ఒక్క వంతెనా తెగిపోతుంది.

తొలి కూడిక, గది

ఫంక్షన్ హాలు వద్దు, గొంతులు మారుమోగుతాయి. అపార్ట్‌మెంటులో కమ్యూనిటీ గది, ఆదివారం ఖాళీగా ఉండే బడి గది, గుడి కల్యాణ మండపం పక్కనున్న చిన్న గది చాలు. బయటికి దారి ఒక్కటే ఉండాలి, ఆ తలుపుకు పై గడియ ఉండాలి, బాత్రూము దగ్గరలో ఉండాలి. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు ఉంటే ఆర్పేసి కిటికీ తెరవాలి. కిరకిరమనే ఫ్యాను ముందురోజే చూసుకోవాలి. పెద్దవాళ్ళకు వినిపించనట్టే ఉండే ఆ చప్పుడు కొందరు పిల్లలకు చెవిలో గీరినట్టుంటుంది. ఒక మూల చాప, దుప్పటి వేసి వెలుతురు తగ్గించాలి. ఆ మూలకు వెళ్ళిన బిడ్డను ఎవరూ పలకరించకూడదు, అదొక్కటే ఆ గదిలో కఠినమైన నియమం. మైకు, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం ఈ గదిలోకి రాకూడదు.

మొదటిసారి ఇంటికొకరు చొప్పున పెద్దవాళ్ళే 45 నిమిషాలు కూర్చుంటే మంచిది. రెండోసారి నలుగురైదుగురు పిల్లలతో, గంటన్నరకు మించకుండా. తిండి ఎవరి డబ్బా వాళ్ళే తెచ్చుకోవాలి. రంగు, మెత్తదనం, వాసన తేడా వస్తే ముట్టని పిల్లలకు అందరితో పాటు పులిహోర పెట్టబోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

కూడికలు ఎక్కువగా చెడేది ఒక్క కారణంతో. బిడ్డ వచ్చీ రాగానే ఏడుస్తాడు, కేకలేస్తాడు, తల్లి సిగ్గుతో ఎత్తుకుని వెళ్ళిపోతుంది, ఇక రాదు. అందుకే ముందే చెప్పాలి: పది నిమిషాలు ఉండి వెళ్ళినా వచ్చినట్టే. మర్నాడు ఫోను చేసేవాళ్ళు "ఎందుకు వెళ్ళిపోయారండీ" అని అడగకూడదు. "వచ్చే వారం ఇంకో పది నిమిషాలు చూద్దామా వదినా" అంటే సరిపోతుంది.

రెండు గంటలు ఎలా పుడతాయి

ముందు ప్రతి బిడ్డకూ ఒక పేజీ పరిచయ పత్రం రాసుకోవాలి. వైద్య నివేదిక నకలు కాదిది. అవును, కాదు అని ఎలా చెబుతాడు. బాత్రూముకు వెళ్ళాలంటే ఏం చేస్తాడు. ఏ చప్పుడు పడదు. ఏది చేతికిస్తే నెమ్మదిస్తాడు. ఏ తిండి, ఏ గ్లాసు. ఏ మందు, ఏ వేళకు. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉందా, వస్తే ఎవరికి ఫోను. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ మిగతావారికంటే ఎక్కువ కాబట్టి ఆ గడి ఖాళీగా వదలకూడదు. మాట రాని బిడ్డ బొమ్మల కార్డులతో చెబుతుంటే ఆ కార్డుల జత ఒకటి తోడు ఇంట్లోనూ ఉండాలి. ఐఐటీ బొంబాయి తయారుచేసిన జెల్లో లాంటి బొమ్మల యాప్ వాడుతుంటే ఆ ఇంటి ఫోనులోనూ వేసి ఉంచాలి. బడిలో ఒక పద్ధతి, ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఇంకొకటి అయితే బిడ్డకు నోరు మూడుసార్లు కట్టేసినట్టే.

ఆ తర్వాత ఆరు వారాలు పడుతుంది. తొందరపడితే మొత్తం పాడవుతుంది. మొదటి వారం తోడు మనిషి ఇంటికి వచ్చి అరగంట కూర్చుంటుంది, బిడ్డను పలకరించదు, వాడికి ఇష్టమైన పని పక్కన తనూ అదే పని చేస్తుంది. మూతలు తిప్పుతుంటే తనూ మూతలు తిప్పుతుంది. రెండో వారం తల్లి పక్క గదిలో ఉంటుంది. మూడో వారం కిందికి దిగి పావుగంటలో వస్తుంది. నాలుగో వారం అరగంట. ఐదో వారం గంట, ఈసారి తోడు ఇంట్లో. ఆరో వారం రెండు గంటలు. ఒక వారం చెడితే అంతకు ముందు వారానికి వెనక్కి వెళ్ళాలి. పట్టుదలకు పోయి ముందుకు నెట్టకూడదు.

ఇక్కడ పెద్దలు చేసే పొరపాటు ఒకటుంది. ఏడుస్తాడేమోనని చెప్పకుండా, కన్నుగప్పి వెళ్ళిపోతారు. అమ్మ ఎప్పుడైనా మాయమైపోవచ్చని ఆ రోజు బిడ్డకు తెలుస్తుంది, మర్నాటి నుంచి కొంగు వదలడు. రెండు ఫోటోలు చాలు. ఒకటి అమ్మ చెప్పులు వేసుకుంటున్నది, రెండోది అమ్మ తలుపు తీసుకుని లోపలికి వస్తున్నది. వెళ్ళే ముందు రెండూ వరుసగా చూపించాలి. మొదట్లో అర్థం కాకపోయినా ప్రతిసారీ అదే వరుస, ప్రతిసారీ తిరిగి రావడం చూస్తుంటే పదో సారికో ఇరవయ్యో సారికో కుదురుతుంది.

తోడు ఇంట్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, గది తలుపు తెరిచి ఉండాలి. బాత్రూములో సాయం ఎవరు చేయవచ్చో తల్లిదండ్రులు ముందే రాసివ్వాలి. ఈ జాగ్రత్తలు ఎవరినీ అనుమానించడానికి పెట్టినవి కావు. జరిగింది నోటితో చెప్పలేని పిల్లలకు పద్ధతే కాపలా. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఇద్దరు మనుషుల పరువు కోసం నొక్కిపెట్టే హక్కు ఏ జట్టుకూ లేదు.

గంటల లెక్కకు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి: ఎవరు ఎన్ని గంటలు ఇచ్చారు, ఎన్ని తీసుకున్నారు. పుస్తకం లేని చోట మొహమాటం ఎక్కువున్న ఒకరిద్దరు ఆడవాళ్ళ మీదే మొత్తం భారం పడుతుంది, ఏడాదిలో వాళ్ళు కుంగిపోయి తప్పుకుంటారు. నాలుగు గంటలు బాకీ పడినవాళ్ళు ముందు తీర్చాలి. బిడ్డకు ఎక్కువ సాయం కావాల్సిన కుటుంబానికి ఈ లెక్క వర్తించకూడదు. వాళ్ళు వేరే పనితో తీర్చుకుంటారు: ఫారాలు నింపడం, ఫోన్లు చేయడం. తండ్రుల పేర్లు కూడా ఆ పుస్తకంలో ఉండాలి, ఉదయం షిఫ్టు ముగిసిన రోజు సాయంత్రం వాళ్ళ వంతు.

ఇదంతా మామూలు మనుషులు నేర్చుకోగలిగేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల కుటుంబాల కోసం రూపొందించిన శిక్షణ 9 సామూహిక తరగతులు, 3 ఇంటి సందర్శనలతో ముగుస్తుంది. నిపుణులు కానివాళ్ళే దాన్ని నడిపేలా తయారుచేశారు.

తోడు ఉండేవాళ్ళకు మెల్ట్‌డౌన్ గురించి ముందే చెప్పి తీరాలి. అలిగిన బిడ్డ ఎదుటివాళ్ళు చూస్తున్నారో లేదో చూసుకుంటాడు, కోరింది ఇస్తే ఆగుతాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న బిడ్డకు ఆ అదుపు ఉండదు, కోరినది ఇచ్చినా ఆగదు. చప్పుడు, వెలుతురు, ఉక్కపోత, ఆకలి, మారిన దారి, అన్నీ పేరుకుని ఒక్కసారి పొంగుతాయి. అప్పుడు మాటలు తగ్గించాలి, లైటు తగ్గించాలి, తలకు తగిలేవి తీసేయాలి, రెండు అడుగులు దూరంగా కూర్చోవాలి. ప్రశ్నలు అడగకూడదు. వాడు కోరితే తప్ప గట్టిగా పట్టుకోకూడదు. ముగిశాక నీళ్ళు, నిద్ర. సంజాయిషీలు, పాఠాలు ఆ రోజుకు వద్దు. వీడియో తీయడం ఎప్పటికీ వద్దు.

నీళ్ళు

విశాఖలో ఈ విషయం విడిగా, గట్టిగా చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోతారు. అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో నాలుగేళ్ళు దాటిన పిల్లల్లో దాదాపు సగం మంది కనీసం ఒకసారి అలా వెళ్ళబోయారని తల్లిదండ్రులు చెప్పారు. వెళ్ళినవాళ్ళను నీళ్ళు లాగుతాయి: మెరుపు, అల, ఒకే తీరున వచ్చే హోరు. అలా తప్పిపోయిన పిల్లల మరణాల్లో మునిగిపోవడమే ప్రధాన కారణం. ఇక్కడ ఆర్కే బీచ్, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, రుషికొండ, యారాడ, అన్నీ జనావాసాల పక్కనే. ఒడ్డు దాటగానే లోతు పెరిగే చోట్లు, కాలిని లోపలికి లాగే ప్రవాహాలు ఈతగాళ్ళనే బలితీసుకుంటున్నాయి. సముద్రం దూరంగా ఉన్న పేటల్లో గెడ్డలు, అంటే వాగులు, ఉన్నాయి, వానాకాలంలో నిండి పారతాయి. అన్నిటికంటే దగ్గరది ఇంటి సంపు. దాని మూతకు తాళం ఉందా అన్నది జట్టు ప్రతి ఇంట్లోనూ చూడాల్సిన మొదటి విషయం.

వీధి తలుపుకు గడియ బిడ్డ చేతికి అందని ఎత్తులో వేయాలి, తలుపు తెరవగానే మోగే చిన్న బెల్లు పెట్టాలి. లోపలున్న పెద్దలు అగ్నిప్రమాదంలో వెంటనే తీయగలిగేలా ఉండాలి కాబట్టి లోపల తాళం వేసి తాళంచెవి దాచే పద్ధతి వద్దు. బయటికి తీసుకెళ్ళే రోజు ఉదయం ఒక ఫోటో తీసి ఉంచుకోవాలి. కంగారులో ఏ రంగు చొక్కా వేశామో ఎవరికీ గుర్తు రాదు. చొక్కా లోపలివైపు ఫోను నంబరు కుట్టాలి, పేరు కుట్టకూడదు. పేరు తెలిస్తే ఎవరైనా తెలిసినవాళ్ళలా పిలవగలరు.

బిడ్డ కనబడకపోతే ముందు వెతకాల్సింది నీళ్ళ దగ్గరే. ఇంట్లో మంచం కింద, మేడ మీద చూస్తూ పది నిమిషాలు పోగొట్టుకోవడం వల్లే చేయి దాటిపోతుంది. జట్టులో పనులు ముందే పంచుకుని ఉండాలి: ఒకరు నేరుగా దగ్గరి నీళ్ళకు, ఒకరు వీధి చివరకు, ఒకరు ఇంట్లోనే ఉండి అత్యవసర నంబరు 112కు ఫోను, ఒకరు ఆ ఉదయపు ఫోటోను పేట గ్రూపులోకి. పేరు పెట్టి అరిస్తే ఆ బిడ్డ పలకకపోవచ్చు, భయపడి ఇంకా దూరం పోవచ్చు. వాడికి ఇష్టమైన పాట ఫోనులో పెట్టుకుని నడిస్తే తనే దగ్గరికి రావచ్చు. కనబడ్డాక వెంటపడకూడదు, పక్కకు చేరి చేయి అందించాలి.

ఈ పని తల్లిదండ్రుల జట్టుతో ఆగకూడదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, వీధి మలుపులో టిఫిన్ బండి, కిరాణా కొట్టు, రోజూ ఎక్కించుకునే ఆటో అతను, తీరం పక్కన ఉండే ఇళ్ళకైతే మత్స్యకారుల పేట అయిన జాలారిపేటలో వలలు బాగుచేసుకుంటూ కూర్చునే పెద్దలు. తీరం మీద రోజంతా కళ్ళు ఉండేది వాళ్ళకే. ఆటిజం అంటే ఏమిటో వాళ్ళకు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఫోటో చూపించి మూడు మాటలు చెప్పాలి: పిలిస్తే పలకకపోవచ్చు, చేయి పట్టి లాగకండి, నీళ్ళవైపు పోతుంటే అడ్డం నిలబడి ఈ నంబరుకు ఫోను చేయండి. ఈ మూడు మాటలు చెప్పడానికి తల్లికి ఒక్కదానికే నోరు రాదు. జట్టుగా నలుగురు కలిసి వెళ్తే బిడ్డను దాచుకునే సిగ్గు కూడా ఆ దారిలోనే సగం తగ్గుతుంది.

సముద్రాన్ని పూర్తిగా మాన్పించడం ఈ ఊళ్ళో జరిగే పని కాదు, మంచిది కూడా కాదు. వాకింగ్‌కు వచ్చేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే తెల్లవారుజాము వేళ చప్పుడు తక్కువ, ఎండ ఉండదు. బిడ్డకొక పెద్ద మనిషి చొప్పున, తడి ఇసుక వరకే. ఆదివారం సాయంత్రం మాత్రం తీసుకెళ్ళకపోవడమే మేలు. ఈత నేర్పాలి. కొలనులో నేర్చుకున్న ఈత సముద్రంలో సరిపోదు, అయినా సంపులో, గెడ్డలో పడినప్పుడు ఆ కొన్ని నిమిషాలు వెల్లకిలా తేలడమే ప్రాణం నిలబెట్టవచ్చు.

ఫోనులో వచ్చే మందులు

వాట్సాప్ గ్రూపు లేకుండా ఇప్పుడు ఏ జట్టూ నడవదు, అయితే అది జట్టును చెడగొట్టే దారి కూడా. ఒకరి బిడ్డ పద్యం చెప్పిన వీడియో పెడితే, మాట రాని బిడ్డ తల్లి ఆ రోజు నుంచి మౌనంగా ఉండిపోతుంది. అందుకే కబుర్లకు ఒకటి, నిర్వాహకులే రాసే సమాచారానికి ఒకటి, రెండు గ్రూపులు ఉండాలి. నిర్వాహకులు ఆరు నెలలకోసారి మారాలి. పిల్లల వీడియోలు, "మా వాడికి పూర్తిగా తగ్గిపోయింది" అనే ఫార్వర్డులు రెండూ వద్దు.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స పేరుతో లక్షలు తీసుకునేవాళ్ళు ఉన్నారు, బంగారం తాకట్టు పెట్టి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త వ్యాధుల్లాంటి వాటికి తప్ప మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనల్లోనే వాడాలి, పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఒంట్లోని లోహాలు తీసేస్తామని ఎక్కించే మందులు ప్రాణానికే ప్రమాదం. వీటికి పోయే కుటుంబాలను నిందించడం తప్పు. ఎదురుగా ఇంకో దారి కనబడనప్పుడే మనిషి దేన్నైనా పట్టుకుంటాడు.

థెరపీ సెంటరుకు డబ్బు కట్టే ముందు అడగాల్సినవి నాలుగే. మూడు నెలల్లో ఏ పని నేర్పుతారు, దాన్ని ఎలా కొలుస్తారు, మార్పు రాకపోతే ఏం మారుస్తారు, తల్లి లోపల కూర్చోవచ్చా. చివరిదానికి వద్దంటే అక్కడే ఆలోచించాలి. వారానికి మూడు 45 నిమిషాల తరగతుల్లో నేర్పినది ఇంట్లో కొనసాగితేనే నిలుస్తుంది, చూడని తల్లి కొనసాగించలేదు. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి, అడిగితే చూపించాలి. రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కిందికి రారు, వాళ్ళ డిగ్రీ అడగాలి.

కాగితాలు

జట్టులో ఒకరికి ఈ పని అప్పజెప్పితే మిగతా తొమ్మిది ఇళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగే తిరుగుడు తగ్గుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ చట్టంలోని ప్రధాన హక్కులన్నీ వర్తిస్తాయి. వైకల్య ధ్రువపత్రానికి సదరం (వైకల్య నిర్ధారణ పరీక్ష) స్లాటు మీసేవలో గానీ వార్డు సచివాలయంలో గానీ బుక్ చేసుకోవాలి. అంచనాకు వాడే భారతీయ కొలమానంలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, అంటే మొత్తం 40 నుంచి 200. కొత్త గదిలో పావుగంట చూసి ఆ 40 అంశాలూ తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే తల్లి ముందుగా రెండు వారాలు రాసి పెట్టుకోవాలి: రాత్రి ఎన్నిసార్లు లేచాడు, తనను తాను ఎన్నిసార్లు కొట్టుకున్నాడు, పేరు పిలిస్తే పదిలో ఎన్నిసార్లు తిరిగాడు. చాలామంది డాక్టరు ఎదుట బిడ్డను మెరుగ్గా చూపించాలని తాపత్రయపడతారు, శాతం తగ్గాక బాధపడతారు. ఆధార్‌లో పేరు, జనన పత్రంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో ముందే చూసుకోవాలి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

ధ్రువపత్రం వచ్చాక నిరామయ ఆరోగ్య బీమా తీసుకోవచ్చు: ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా కలిపి, ముందస్తు వైద్య పరీక్షలు లేకుండా. ఏటా రెన్యువల్ మరిచిపోకూడదు, జట్టు క్యాలెండరులో రాసుకోవాలి. రాష్ట్ర పింఛను అర్హులకు 2024 జులై నుంచి నెలకు 6,000. పోర్టు, రైల్వే, డాక్‌యార్డు ఉద్యోగులున్న ఈ ఊళ్ళో ఇంకో రెండు విషయాలు తెలిసుండాలి. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లికి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంటుంది, బిడ్డకు వైకల్యం ఉంటే వయసు పరిమితి లేదు. అలాంటి బిడ్డ సంరక్షణ చూసే కేంద్ర ఉద్యోగిని మామూలు రొటేషన్ బదిలీల నుంచి మినహాయించాలని 2014 నుంచి ఆదేశాలున్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల్లో వాటి సొంత నిబంధనలు చూసుకోవాలి.

బడి గురించి క్లుప్తంగా: 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కు చట్టంలోనే ఉంది. ప్రభుత్వ బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. బడిని అడగాల్సినవి ఖర్చులేనివి: గోడ పక్కన చోటు, ప్రార్థన వరుస నుంచి మినహాయింపు, తట్టుకోలేనప్పుడు చూపించి బయటికి వెళ్ళేందుకు ఒక కార్డు, పక్కన కూర్చునే ఇద్దరు స్నేహితులు. ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రులను జట్టు కూడికకు పిలవాలి.

పండగలకూ అంతే, ముందు మాట చాలు. దీపావళికి అపార్ట్‌మెంటు వాళ్ళంతా గేటు దగ్గర ఒకేచోట, ఒకే గంటలో కాల్చుకుంటే ఆ గంట బిడ్డను చెవి కప్పులతో లోపలి గదిలో ఉంచొచ్చు. ఎప్పుడు పేలుతుందో తెలియకపోవడమే బాధ. బీచ్ దగ్గర నేవీ విన్యాసాల రిహార్సళ్ళ రోజుల్లో విమానాలు కిందుగా వెళ్తాయి, మహారాణిపేట, పాండురంగాపురం వైపు ఇళ్ళవాళ్ళు ఆ తేదీలు జట్టుకు చెప్పాలి. సింహాచలం చందనోత్సవానికి, గిరి ప్రదక్షిణకు బదులు మామూలు రోజు మధ్యలో వెళ్తే అప్పన్న దర్శనం బిడ్డకూ దక్కుతుంది.

మా తర్వాత

పద్దెనిమిదేళ్ళు నిండాక చట్టం దృష్టిలో ఆ బిడ్డ పెద్దమనిషి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమించగలదు. అందరికీ అది అవసరం లేదు. తన డబ్బు, తన బస్సు, తన బట్టలు తనే చూసుకోగలిగిన మనిషి నిర్ణయాలను కాగితం మీద లాక్కోవడం అన్యాయం. మాట్లాడగలిగినా, రాసి చెప్పినా, కార్డు చూపించినా, ఆటిజం ఉన్న పెద్దలను జట్టు కూడికల్లో కూర్చోబెట్టి అడగాలి. ఏ చప్పుడు ఎందుకు పడదో, పట్టుకుంటే ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు వాళ్ళకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు.

తోబుట్టువులకు కూడా విడిగా ఒక కూడిక కావాలి, మూడు నెలలకోసారైనా. పెళ్ళి సంబంధం మాట వచ్చినప్పుడు అన్నను గదిలో ఉంచేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ గది తలుపు బయట నిలబడిన చెల్లి మనసులో ఏముందో ఎవరూ అడగరు. "నీ తర్వాత వాణ్ణి నువ్వే చూసుకోవాలి" అని పదేళ్ళ పిల్లకు చెప్పకూడదు. ఆ భారం జట్టుది కూడా అని చెప్పగలగాలి, చెప్పాలంటే జట్టు ఉండాలి.

రెండు గంటలు కుదిరిన ఇంట్లోనే ఒక రాత్రి కుదురుతుంది. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, ఏడాదికి నాలుగు రాత్రులు, ఇరవై దాటిన కొడుకో కూతురో తోడు ఇంట్లో పడుకోవడం అలవాటు చేయాలి. ఆసుపత్రిలో చేరాల్సిన రాత్రి మొదటి రాత్రి కాకూడదు. పరిచయ పత్రం ప్రతి పుట్టినరోజుకూ తిరగరాసి మూడు ఇళ్ళలో ఉంచాలి. వెళ్ళేటప్పుడు ఉతకని సొంత దిండు గలీబు, సొంత గ్లాసు, వాడే సబ్బు పంపాలి. పత్రం చివర్లో రాత్రి సంగతులు రాయాలి: లైటు ఆర్పాలా, తలుపు ఎంత తెరిచి ఉంచాలి, ఏ వైపు పడుకుంటాడు, ఫ్యాను ఏ నంబరు మీద తిరగాలి.